బూట్ నిండిపోతే కెర్నెల్ సింబల్స్ ఎక్కడ పెట్టాలి?

మహబూబ్‌నగర్‌లో మీ కాలేజీ ల్యాబు లైనక్స్ సర్వర్‌లో డీబగ్ సింబల్స్ (తప్పులు వెతకడానికి కావలసిన ఫంక్షన్ల పేర్లు, చిరునామాలు) ఉన్న వీఎంలైనక్స్ ఫైలును బూట్ ఫోల్డర్‌లో పెట్టాక కొత్త కెర్నెల్‌కు, అంటే లైనక్స్ మూల ప్రోగ్రాముకు, చోటు లేదన్నారు. ఉండదు మరి! ఆ ఫైలు వందల మెగాబైట్లు. యంత్రం లేవడానికి అది అక్కర్లేదు కూడా. అందుకు కావలసింది పక్కనే ఉన్న వీఎంలైనజ్ అనే కుదించిన కెర్నెల్ ఫైలు. దాన్ని మాత్రం ముట్టుకోకండి.

సింబల్స్‌ను రూట్ కింద యూఎస్ఆర్, అందులో లిబ్, అందులో డీబగ్ ఫోల్డర్‌లోకి మార్చండి. జీడీబీ అనే డీబగ్ ప్రోగ్రాము మామూలుగా వెతికేది అక్కడే. ఉబుంటు లైనక్స్ ప్యాకేజీ అయితే డీబగ్ లోపల మళ్లీ బూట్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. క్రాష్ డంప్ (కెర్నెల్ కూలినప్పుడు దాచిన మెమరీ నకలు) విప్పాలంటే కూలిపోయిన కెర్నెల్ సింబల్సే కావాలి. ఇప్పుడు నడుస్తున్నది వేరే వెర్షన్ అయితే దానివి పనికిరావు. వెర్షన్ పేరు అక్షరం అక్షరం పోల్చుకోండి.

డిస్కు ఇరుకా? నల్లగొండలో మేము చేసినట్టు వేరే డిస్కులో ఉంచి, డీబగ్ ఫోల్డర్‌లో సింబాలిక్ లింకు (అసలు ఫైలు ఉన్న చోటును చూపే గుర్తు) పెట్టండి.