కథ కావాలంటే చదివింపుల పుస్తకం అడగండి

"రాద్దామని కూర్చుంటే ఏమీ తోచడం లేదు. అసలు రచయితలకు కథలు ఎక్కడ దొరుకుతాయి? నాలుగు రోజులు అరకు లాంటి చోటికి వెళ్ళొస్తే స్ఫూర్తి వస్తుందా?" అని ఒకరు అడిగారు.

అరకు చూడదగ్గ చోటే. కానీ కొండా మంచూ చూసొచ్చినవాళ్ళు రాసేది కొండ గురించీ మంచు గురించీ. కథకు మనిషి కావాలి. ఆ మనిషి ఇంకో మనిషికి ఏదో ఒకటి బాకీ పడి ఉండాలి: డబ్బో, మాటో, క్షమాపణో. ఆ బాకీలు కాగితాల మీద ఉంటాయి. ఎవరో తమ అవసరం కోసం రాసుకున్న లెక్క, అందులో ఎక్కడో కుదరని ఒక అంకె, అక్కడుంటుంది కథ. మంచి కథల్లో నూటికి తొంభై ఇలా పుట్టినవేనని నా గట్టి నమ్మకం.

మీ ఇంట్లోనో, మీ పెద్దనాన్నగారి ఇంట్లోనో బీరువా పైఅరలో పాత చదివింపుల పుస్తకం, అంటే పెళ్ళిలో ఎవరెంత ఇచ్చారో రాసుకున్నది, ఒకటి ఉండే ఉంటుంది. తెలంగాణలో కట్నాల బుక్కు అంటారు. అట్టకు నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో శ్రీరస్తు, ఆ కింద పేరు, ఊరు, రూపాయలు. ముందు గబగబా తిప్పెయ్యకండి. ఒక్క పేజీ తీసుకుని అరగంట కూర్చోండి. ముందుగా ఆ పేజీలో మామూలు ఏమిటో తేల్చండి. పాతిక పేర్లుంటే పదిహేను 116లు, ఆరేడు 216లు, మేనమామది 1,116. అది తెలిస్తేనే మామూలు కానిది కంటికి ఆనుతుంది.

ఇలాంటి పేజీ ఒకటి మీ ముందుందనుకోండి. మధ్యలో ఒక పేరు, ఎదురుగా 516. దాని మీద అడ్డగీత. పక్కన "వాపసు" అని ఒక్క మాట.

పెళ్ళిలో చదివించిన డబ్బు ఎందుకు వాపసు పోతుంది? కారణం కోసం అప్పుడే ఊహలకు పోకండి. ముందు సిరా చూడండి. పేరు రాసిన సిరాతోనే గీత గీసి ఉంటే, ఆ వాపసు పందిట్లోనే జరిగింది, నలుగురూ చూస్తుండగా. గీత వేరే సిరాలో ఉంటే పెళ్ళయిన కొన్నాళ్ళకు ఎవరో ఆ డబ్బు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. రెండూ రెండు వేర్వేరు కథలు. మొదటిదాంట్లో అవమానం జరుగుతుంది, కథంతా ఒక్క పూటలో అయిపోవాలి. రెండోదాంట్లో ఒక మనిషి 516 రూపాయలు జేబులో పెట్టుకుని ఇంకో ఊరికి బస్సెక్కుతాడు. అతణ్ణి పంపించింది ఎవరు, వెళ్ళి గుమ్మంలో ఏమని మొదలుపెడతాడు, వాళ్ళు మంచినీళ్ళిస్తే తాగుతాడా తాగడా, ఇదంతా రాయాలి. సిరా రంగు ఒక్కటి తేలితే కథ సగం తేలినట్టే.

అదే పేజీ అట్టడుగున, గీతల్లో చోటు లేక ఇరికించి రాసిన వరస ఇంకొకటి: "కవరు - 500". పేరు లేదు, ఊరు లేదు.

దీనికి మీకు తోచే మొదటి మూడు ఊహలనూ పక్కన పెట్టెయ్యండి. పెళ్ళికూతుర్ని ప్రేమించినవాడు, ఇల్లు వదిలి వెళ్ళిపోయిన తండ్రి, పేరు చెప్పుకోని దాత: ఈ మూడూ సినిమాల్లోంచి వచ్చినవి. ఆ మూడూ దులిపేశాక మళ్ళీ కాగితం వైపే చూడండి. అంకె 500. పక్కన 16 లేదు. అంటే చిల్లర విడదీసి పెట్టే వీలు లేక ఉన్న ఒక్క నోటూ పెట్టారు. వరస ఎక్కడుంది? పేజీ చివర, ఇరుకులో. అంటే వచ్చినప్పుడు రాసింది కాదు, తర్వాత చేర్చింది. రాత్రి పెట్టె బోర్లించి డబ్బు లెక్క చూసుకుంటే పుస్తకం కన్నా 500 ఎక్కువ తేలింది. ఎవరో ఇచ్చారు, జనం ఒత్తిడిలో పేరు రాయడం తప్పిపోయింది. లెక్క సరిపోవడానికి పుస్తకం రాసినాయన "కవరు" అని ఒక వరస ఇరికించి సరిపెట్టాడు.

ఇప్పుడు ఆ పుస్తకం ఎందుకుందో గుర్తు చేసుకోండి. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే ఇది తీసి చూసి, వాళ్ళు పెట్టినదానికి తగ్గకుండా పెట్టడానికి. పుస్తకంలో పేరు లేని మనిషికి తిరిగి వెళ్ళేది ఉండదు. పేదింటివాళ్ళు 500 ఒక్క నోటుగా ఇచ్చారంటే ఆ నోటు మళ్ళీ తమ పిల్ల పెళ్ళికి వస్తుందన్న లెక్కతోనే ఇచ్చి ఉంటారు. కొన్నేళ్ళకు వాళ్ళ పెళ్ళి వస్తుంది. ఈ ఇంటివాళ్ళు పుస్తకం తిరగేస్తారు, పేరు కనబడదు, 116 పెట్టి వస్తారు. అక్కడ మొదలుపెట్టండి కథ. పుస్తకం రాసినాయన ఆ పెళ్ళికీ వచ్చి ఉంటాడు, ఆ 116 చదువుతుంటే వింటాడు. ఆయన ఇప్పుడు ఏం చేస్తాడన్నది మీరు రాయాల్సింది. దాత కథకన్నా ఇది ఎన్నో రెట్లు బరువైన కథ, ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు కూడా.

లెక్కల్లోంచి ఇంత దూరం వస్తుందా అని సందేహం ఉంటే గురజాడ కేసి చూడండి. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖ జిల్లాలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళకు ఒక జాబితా రాయించారు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆ లెక్కలున్నాయి. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. పెళ్ళినాటికి ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలు చూసి ఇంకొకరైతే కన్నీళ్ళు పెట్టించే ఉపన్యాసం రాసేవారు. గురజాడ ఆ 1,034నూ పక్కన పెట్టి ఒక్క పెళ్ళి తీసుకున్నాడు. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు 1,800 రూపాయలకు కుదురుస్తాడు. ఇంట్లో పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ. జాబితాలో ఉన్నది వెల, నాటకంలో ఆ వెలే కథను నడుపుతుంది. పిల్ల సరుకైనప్పుడు అంతకన్నా చవగ్గా ఇంకో సరుకు చూపించి కొనేవాణ్ణి మళ్ళించవచ్చు. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి చేసేది సరిగ్గా అదే, తన శిష్యుడికి ఆడవేషం వేయించి తక్కువ ధరకు అంటగడతాడు. లుబ్ధుడు లోభి కాబట్టి పడతాడు. హాస్యమంతా అంకెలోంచే పుట్టింది. మీ చేతికి ఏ లెక్క దొరికినా ఈ ప్రశ్న వేసుకోండి: ఈ అంకె ఇంకొంచెం తగ్గితే ఎవరు ఏం చేస్తారు, పెరిగితే ఏం చేస్తారు?

పెళ్ళి పుస్తకం దొరక్కపోతే వేరే కాగితాలున్నాయి. పాత దస్తావేజులో షెడ్యూలు కింద హద్దులు చదవండి. ఒకే పొలం తాలూకు రెండు దస్తావేజులు, ముప్పై ఏళ్ళ తేడాతో, పక్కపక్కన పెట్టండి. పాతదాంట్లో తూర్పున డొంక ఉంటుంది, కొత్తదాంట్లో 30 అడుగుల రోడ్డు. పాతదాంట్లో పడమర ఒక మనిషి పొలం, కొత్తదాంట్లో అక్కడ ప్లాట్ల నంబర్లు. ఆ పడమటి మనిషి ఎక్కడికి పోయాడు? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే చేతులు మారిన క్రమం తెలుస్తుంది. 1983 నుంచి ఉన్నవి ఆన్‌లైన్‌లో వస్తాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాలి.

దినపత్రికల జిల్లా పేజీల్లో చిన్నక్షరాల ప్రకటనలు చూడండి. "నా కుమారుడు నా మాట వినక చెడు సావాసాలు పట్టినందున అతని లావాదేవీలకు నేను బాధ్యుడిని కాను." ఈ ప్రకటన చదవవలసినవాడు కొడుకు కాదు, అప్పిచ్చినవాడు. తండ్రి డబ్బు కట్టి అచ్చు వేయించాడంటే అప్పటికే గుమ్మంలోకి ఎవరో వచ్చి వెళ్ళారు. కథ ఆ వచ్చివెళ్ళడం దగ్గర ఉంటుంది. కథకుడు రావిశాస్త్రి విశాఖలో వకీలుగా ఉండటం ఊరికే పోలేదు, కోర్టు చుట్టూ తిరిగే ప్రతి కాగితం వెనకా ఇలా ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

దొరికినదాన్ని దాచుకునే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. కుడిపేజీలో మాత్రమే రాయండి: తేదీ, కాగితం ఏమిటి, అందులో ఉన్నది ఉన్నట్టు, అంకెలతో సహా. "హృదయవిదారకం", "అమాయకపు" లాంటి విశేషణాలు ఒక్కటి కూడా వద్దు. ఇవాళ మీకు కలిగిన భావం రాసి పెట్టుకుంటే ఆర్నెల్ల తర్వాత ఆ భావమే కనిపిస్తుంది, వస్తువు కనిపించదు. ఎడమపేజీ ఖాళీగా వదలండి. నెల తర్వాత తిరగేసినప్పుడు వచ్చే ప్రశ్నలు అక్కడ రాయండి. ముప్పై నమోదులు అయ్యేదాకా కథ మొదలుపెట్టకండి. ఎడమపేజీ నిండిపోయినవి రెండో మూడో ఉంటాయి, అవే మీవి.

ఆగడం ముఖ్యం. 1872 జనవరిలో యాసెన్‌కి స్టేషన్లో గూడ్సు రైలు కింద పడి చనిపోయిన స్త్రీ శవాన్ని టాల్‌స్టాయ్ చూశాడు, ఆమె పేరు అన్నా. అన్నా కరెనినా నవల మొదలుపెట్టింది 1873లో, ఏడాది దాటాక. వారం తిరక్కుండా రాస్తే కోపం రాస్తాం, మనిషిని రాయం.

తెలిసినవాళ్ళ కాగితంలోంచి తీసినప్పుడు మూడు మార్చండి: ఊరు, వృత్తి, వరస. మేనమామను పెదనాన్న చెయ్యండి, రైతును టైలర్ చెయ్యండి. ఇది వాళ్ళ పరువు కోసం, మీ కథ కోసం కూడా. మార్చకపోతే నిజంగా జరిగిన ముగింపు మిమ్మల్ని కట్టేస్తుంది, "కానీ అలా జరగలేదుగా" అని చెయ్యి ఆగిపోతుంది. అంకెను మాత్రం మార్చకండి. 516ను 5,000 చేశారంటే ఆ ఇంటి తాహతు మారుతుంది, మాటతీరు మారుతుంది, వాపసు ఇవ్వడానికి వెళ్ళేవాడు బస్సులో కాక కారులో వెళ్తాడు.

పోటీల సంగతి కూడా చెప్పాలి. ఉగాదికీ సంక్రాంతికీ కథల పోటీ ప్రకటనల్లో "సామాజిక సందేశం ఉండాలి" అని ఒక నిబంధన పెడుతున్నారు. దీనివల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. కొత్తగా రాసేవాళ్ళు ముందు సందేశం అనుకుని, దానికి తగ్గ మనుషుల్ని వెతుకుతున్నారు. అలా వెతికిన మనుషులు సందేశం చెప్పడానికే నోరు తెరుస్తారు, వాళ్ళకు బస్సు చార్జీకి ఉన్నదా లేదా అన్నది కూడా రచయితకు తెలియదు. మీరు పోటీకి రాసినా సరే, కాగితం దగ్గరే మొదలుపెట్టండి.

ఇంకో బాధ కూడా ఉంది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో చదివింపుల బల్ల మీదా క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. ఫోన్లో డబ్బు పడుతుంది, పేరు దానంతట అదే వస్తుంది. అడ్డగీత ఉండదు, ఇరికించిన వరస ఉండదు, సిరా మారదు. ఇంకో ఇరవై ఏళ్ళకు ఈ పుస్తకాలు చూద్దామన్నా దొరకవు. ఉన్నవాటిని ఇప్పుడే చూసి పెట్టుకోవాలి.

అడిగేటప్పుడు "కథ రాస్తాను, పుస్తకం ఇవ్వండి" అనకండి, ఎవరూ ఇవ్వరు. పెద్దావిడ ఎవరైనా ఉంటే దగ్గర కూర్చుని "మన పెద్దక్క పెళ్ళికి ఎవరెవరొచ్చారు అత్తయ్యా?" అని అడగండి. పుస్తకం ఆవిడే తెప్పిస్తుంది, పక్కన కూర్చుని ఒక్కో పేరుకూ చెప్పుకుంటూ పోతుంది. ఆవిడ ఏ పేరు దగ్గర ఏమీ అనకుండా పేజీ తిప్పేస్తుందో ఆ పేరు గుర్తు పెట్టుకోండి. ఆషాఢంలో అడగండి, ముహూర్తాలుండవు కాబట్టి పుస్తకం ఖాళీగా ఉంటుంది. శ్రావణం రాకముందే తిరిగి ఇచ్చెయ్యండి, మొదటి శుభలేఖ రాగానే వాళ్ళకు దానితో పని పడుతుంది.