ఎబోలా తగ్గేదాకా తట్టు ఆగుతుందా?

ప్రశ్న: ఒకే ప్రాంతంలో రెండు మూడు అంటువ్యాధులు ఒక్కసారిగా ప్రబలినప్పుడు, ఉన్న వైద్యులనూ నిధులనూ అన్నిటికంటే ప్రాణాంతకమైన వ్యాధికే కేటాయించి, అది అదుపులోకి వచ్చాక మిగిలినవాటి సంగతి చూడటం మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదనే నా అభిప్రాయం. ఇందుకు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో జరిగినదే సాక్ష్యం. ఆ దేశపు తూర్పు ప్రాంతంలో 2018 ఆగస్టు 1న ప్రకటించిన ఎబోలా, 2020 జూన్ 25న ముగిసేనాటికి 2,287 మందిని బలిగొంది. సోకిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు చనిపోయే వ్యాధి కనుక ప్రపంచం దృష్టి, విరాళాలు అటే మళ్లాయి. అదే సమయంలో దేశమంతటా చెలరేగిన తట్టు, 2019 మొదలు 2020 జనవరి నాటికి 6,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో అత్యధికులు అయిదేళ్ల లోపు పిల్లలు. దశాబ్దాలుగా చవకగా దొరుకుతున్న టీకాతో ఆపగలిగిన మరణాలు కావడం వల్లనే ఇవి మరింత బాధిస్తాయి.

పైగా ఈ వ్యాధులు దేనికది విడిగా ఉండవు. ఎబోలా, మలేరియా రెండూ మొదట జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతోనే కనిపిస్తాయి కాబట్టి, పరీక్ష ఫలితం తేలేవరకూ మలేరియా రోగిని కూడా ఎబోలా అనుమానితుడిగానే చూడవలసి వస్తుంది. బేనీ పట్టణంలో ఎబోలా కేంద్రాలకు వచ్చినవారిలో సగం మంది దాకా కేవలం మలేరియా రోగులేనని తేలింది. మలేరియా వైద్యానికని ఆరోగ్య కేంద్రాలకు తీసుకువెళ్లిన పసిపిల్లలకు అక్కడే ఎబోలా అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. అందుకే 2018 నవంబరులో అక్కడి ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి సుమారు 4,50,000 మందికి మలేరియా మందులు, దోమతెరలు అందించే కార్యక్రమం చేపట్టాయి. జ్వరపీడితుల సంఖ్య తగ్గితే ఎబోలా కేంద్రాలపై భారం తగ్గుతుందన్న ఆ ఆలోచన నాకు ఎంతో వివేకవంతంగా తోస్తుంది.

సిబ్బంది కొరత ఉన్నచోట అన్నీ ఒకేసారి చేయడం కష్టమే. అయినా పిల్లల సాధారణ టీకాలను మాత్రం ఏ అత్యవసర పరిస్థితిలోనూ ఆపకూడదు. మీరన్న ‘అదుపులోకి వచ్చాక’ అనే సమయం కాంగోకు దొరకనే లేదు: తూర్పున ఎబోలా ఇంకా ముగియకముందే, 2020 మార్చి 10న రాజధాని కిన్షాసాలో తొలి కోవిడ్ కేసు బయటపడింది, జూన్ 1న దేశానికి మరో కొసన, పశ్చిమాన ఉన్న ఎక్వాటూర్ రాష్ట్రంలో కొత్తగా ఎబోలాను ప్రకటించవలసి వచ్చింది.