పక్కింటి వైఫై మనకు అడ్డమా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి ఎనిమిది దాటితే బెడ్‌రూమ్‌లో వైఫై నత్తనడకే. ఫోన్‌లో చూస్తే చుట్టుపక్కల వాళ్ల నెట్‌వర్క్‌లు ఇరవై దాకా ఉన్నాయి. వాటివల్లేనా?

జవాబు: కావచ్చండీ, కానీ ఊహించుకోవడం ఎందుకు, చూసేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుని (లొకేషన్ పర్మిషన్ అడుగుతుంది, అది లేకపోతే స్కాన్ జరగదు, టెన్షన్ వద్దు) ఆ బెడ్‌రూమ్‌లోనే నిలబడి ఎవరి రౌటర్ ఏ ఛానెల్‌లో (అంటే సిగ్నల్ వెళ్లే దారి, రోడ్డు మీద లేన్ లాంటిది) ఉందో చూడండి. వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే, వాటిలో రద్దీ తక్కువున్నదానికి మీ రౌటర్ సెట్టింగుల్లో మారిపోండి. మధ్యలో 3, 4 ఖాళీగా కనిపించినా అటు వెళ్లొద్దు, రెండు వైపుల గోలా మీకే!

అదే యాప్‌లో మీ వైఫై సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకెలు మైనస్‌లో ఉంటాయి. -50 అంటే భేషుగ్గా ఉన్నట్టు, -80 అంటే కష్టమే, అప్పుడు తప్పు పక్కింటివాళ్లది కాదు, రౌటర్ దూరంగా ఉండటమో మధ్యలో గోడలు ఉండటమో కారణం. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఉంటే అదీ ప్రయత్నించండి, ఛానెళ్లు ఎక్కువ, గోడలు దాటడంలో మాత్రం కాస్త నీరసం.

అన్నట్టు, రాత్రిళ్లే నెమ్మదిస్తోందంటున్నారు కదా, ఓసారి ల్యాప్‌టాప్‌కి రౌటర్ నుంచి కేబుల్ పెట్టి చూడండి. అప్పుడూ అంతే అయితే వైఫైని తిట్టి లాభం లేదు, నెట్ ఇచ్చేవాళ్లకి ఫోన్ చేయండి.