ఖాతాలోంచి రెండు రూపాయలు పోయినా పట్టించుకోవాలా?

కార్డు వివరాలు కొట్టేసినవాళ్లు వెంటనే ఎందుకు బయటపడరని అడిగారు. వాళ్లు తొలిరోజే పెద్ద మొత్తం జోలికి పోరు. కార్డు పనిచేస్తోందో లేదో చూడటానికి రెండో, పదో రూపాయలు లాగుతారు. అర్ధరాత్రి ‘రూ.2 డెబిట్’ అని మెసేజ్ వస్తే, ఏదో ఛార్జీలే అనుకుని మనం పక్కకు తిరిగి పడుకుంటాం. వాళ్లకు కావాల్సింది సరిగ్గా అదే. ఓటీపీ అడగని విదేశీ సైట్లతో ఇంకా ప్రమాదం. వాడకం లేకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి. మీరు చేయని ఖర్చు ఒక్క రూపాయి కనిపించినా కార్డు బ్లాక్ చేయించి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించింది.