‘లేవు’ అని కూడా రాయి

నెల్లూరు,
ఫిబ్రవరి మొదటి ఆదివారం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బైనాక్యులర్ కొన్నానని ఫోటో పెట్టావు, చాలా సంతోషం. కింద రాసిన మాటకే నవ్వొచ్చింది. "సంక్రాంతి అయిపోయింది, సూళ్లూరుపేటలో పక్షుల పండగా అయిపోయింది, ఇంకేం ఉంటాయిలే మామయ్యా, వచ్చే ఏడాది మొదలుపెడతా" అన్నావు. ఆ పండగ తేదీలు కలెక్టరాఫీసు వాళ్లు పెట్టుకున్నవి పాపా. నన్నడిగితే శివరాత్రికి అటూ ఇటూ ఉన్న నెలన్నరే పిట్టలు చూడ్డానికి అసలు రోజులు.

ఎందుకో చెబుతా. మన దగ్గర గట్టి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు చెరువు నిండుగా ఉంటుంది, బాతులు ఎక్కడో నడిమధ్యన నల్లచుక్కల్లా తేలుతుంటాయి. చూశామన్న పేరే గానీ చూసిందేమీ ఉండదు. ఫిబ్రవరికి పైరుకు తూములు వదిలి వదిలి నీళ్లు జారతాయి. అంచుల్లో బురద తేలుతుంది. అందులో పురుగూ పుట్రా ఏరుకోవడానికి ఉల్లంకులనే బురద పిట్టలు దిగుతాయి. చిన్న కుంటలు ఎండేకొద్దీ అక్కడివీ నీళ్లున్న చోటికే చేరతాయి. పైగా తిరుగు ప్రయాణం దగ్గరపడేది అప్పుడే కాబట్టి వాటి ధ్యాసంతా తిండి మీదే. కొన్ని చిన్న ఉల్లంకులు బయలుదేరే నాటికి ఒంటి బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి.

ఎక్కడ నిలబడాలన్నది ముందు చూసుకో. మన వైపు నేల పడమటి నుంచి తూర్పుకు వాలు, అందుకే చాలా చెరువులకు కట్ట తూర్పున ఉంటుంది. పొద్దున ఆరున్నరకు కట్టెక్కి పడమటికి తిరిగితే ఎండ నీ వీపున, వెలుతురు పిట్ట మీద. అదే కట్ట మీదికి సాయంత్రం పోయావనుకో, అన్నీ కాకుల్లా నల్లగా కనిపిస్తాయి. నీ బైనాక్యులర్ మీద 8, 42 అని ఉన్నాయన్నావు. ఎనిమిదింతలు చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు అని. అది చాలు. ఇంకా పెద్ద అంకెది కొనమని ఎవరైనా చెబితే వినొద్దు, నీ చెయ్యి వణికినంతా పిట్ట వణుకుతుంది. ముందు ఉత్త కంటితో పిట్టను పట్టుకో, చూపు తిప్పకుండా బైనాక్యులర్ కళ్లకు ఎత్తు. బైనాక్యులర్‌తో వెతకడం మొదలుపెడితే ఆకులు తప్ప ఏమీ దొరకవు.

ఫోటోలో ఉన్న ఆ ఎర్ర చున్నీ వద్దు. మట్టిరంగువి ఏవైనా కట్టుకో. ఒంటరిగా పోవద్దు, మీ ఆఫీసులో ఇంకొకరిని లాక్కుపో. గట్ల మీద పాములుంటాయి, కాలు పెట్టే చోటు చూసుకో. ఉప్పుకయ్యల దగ్గరా పులికాట్ సరస్సు ఒడ్డునా పైకి ఎండినట్టు కనబడే అడుసును నమ్మొద్దు. అటకానితిప్ప దగ్గర నేను రెండడుగులు ముందుకు వేస్తే మోకాలి దాకా దిగబడ్డాను. చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. "అడుసు తొక్కనేల" అన్న పెద్దమనిషి ఆ ఊరివాడే అయ్యుంటాడు.

మందకు ఎంత దూరంలో ఆగాలో పిట్టలే చెబుతాయి. మేస్తున్నవి మేత ఆపి తలలెత్తాయంటే నువ్వు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి పోయావు. అక్కడే కూర్చో, కదలొద్దు. ఫోటోలో రెక్కలు బాగా పడతాయని చప్పట్లు కొట్టి లేపేవాళ్లను చూశాను, ఒళ్లు మండుతుంది. వేల మైళ్ల దారికి దాచుకుంటున్న కొవ్వును మన సరదాకు కరిగించడమే అది.

పేర్ల దగ్గర టెన్షన్ పడకు. నాకు సగం పిట్టల్ని చూపించింది చెరువులో చేపల వల వేసే యానాది పెద్దాయన ఒకరు. వరి చేను మీద రెక్కలు కొంచెం పైకి పట్టుకుని, తల వంచి వెతుక్కుంటూ తేలిపోతున్న గద్దను చూపించి, "పిల్లిగద్ద. ఎలకను చూసిన పిల్లి ఎట్ట పోతదో అట్ట పోతది చూడు" అన్నాడు. అది చలికాలపు చుట్టమని, ఎండాకాలం వస్తే ఉండదని కూడా ఆయనే చెప్పాడు. 1840లలో జెర్డన్ అనే దొర నెల్లూరులో సివిల్ సర్జనుగా నాలుగేళ్లు పనిచేశాడు. పిట్టల మీద పెద్ద పుస్తకాలు రాసినవాడు. ఆయన కూడా ఇక్కడి పేర్లూ పిట్టల అలవాట్లూ నేర్చుకుంది యానాదుల దగ్గరే. కలివికోడి అనే పిట్టకు ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అది అంతరించిందనుకుంటే 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట లైటు వేసి పట్టింది ఆ చుట్టుపక్కల మనిషే. కాబట్టి గట్టు మీద గేదెలు కాసుకునేవాళ్లతో, వల వేసేవాళ్లతో మాట కలుపు. యాప్ చెప్పనివి వాళ్లు చెబుతారు.

ఒక్క పేరు మాత్రం నోటికి రానీయకు, ‘సైబీరియా కొంగ’. మన దగ్గర తెల్లగా, పొడుగ్గా కనిపించిన ప్రతిదానికీ అదే పేరు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఈ దేశం పిట్టలే. నీళ్లను బట్టి ఊళ్లు మారతాయి గానీ హిమాలయాలు దాటిపోవు. నిజమైన సైబీరియా కొంగ భారతదేశంలో చివరిసారి కనబడింది 2001-02 చలికాలంలో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. హిమాలయాలు దాటి వచ్చేవి చూడాలంటే తల వెనక రెండు నల్లపట్టీలున్న బూడిదరంగు బాతుల కోసం వెతుకు. బార్‌హెడెడ్ గూస్ అంటారు. పరికరం కట్టి చూస్తే 7,290 మీటర్ల ఎత్తున ఎగురుతూ దొరికింది ఒకటి. పగలు ఒంటికాలి మీద కునుకు తీస్తూ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటాయి.

నువ్వు కావలిలో ఉన్నావు కాబట్టి మొదటి పాఠం జువ్వలదిన్నెలో పెట్టుకో. పడవలు ఒడ్డుకొచ్చే వేళకు పోతే సీగల్స్ ఎగబడుతుంటాయి. జనవరిలో చూస్తే తల తెల్లగా, కంటి వెనక పెసరగింజంత నల్లమచ్చ ఉంటుంది. ఫిబ్రవరి చివరికి ఆ తెల్లతల మీద కాఫీపొడి చల్లినట్టు మచ్చలొస్తాయి. మార్చి గడిచేసరికి తలంతా గోధుమరంగు టోపీ పెట్టినట్టు అయిపోతుంది. టిబెట్ వైపు సరస్సుల దగ్గర జతకట్టడానికి ముస్తాబు అన్నమాట. అన్నీ ఒకేసారి మారవు. ఒకదానికి సగం టోపీ, పక్కదానికి ఇంకా ఉత్త మచ్చే. మొదటి ఏడు నేను అవి మూడు రకాల పిట్టలనుకుని మూడు పేర్లు రాసుకున్నాను. ఆ పేజీ చింపేయలేదు, వచ్చినప్పుడు చూపిస్తా.

మూడేళ్ల కిందట మీ అక్క దగ్గరికి ఇంగ్లండు పోయింది కూడా ఫిబ్రవరిలోనే. ఆ చలిలో ఎవరైనా బయటికి వస్తారా అని మీ అత్తయ్య తిట్టింది. అక్కడ సెవర్న్ నది పక్కన స్లింబ్రిడ్జ్ అని నీటిపక్షుల కేంద్రం ఒకటి, పీటర్ స్కాట్ అనే పక్షి ప్రేమికుడు 1946లో మొదలుపెట్టింది. రష్యా ఉత్తర కొసనుంచి చలికాలం గడపడానికి వచ్చే బ్యూయిక్ హంసలు దాని ప్రత్యేకత. ముక్కు మీది పసుపు, నలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకలా ఉండవట. ఆ మచ్చల బొమ్మలు గీసుకుని 1964 నుంచి ఒక్కో హంసనూ విడివిడిగా గుర్తుపడుతున్నారు. నేను మాత్రం హంసల్ని వదిలేసి వాటి కాళ్ల దగ్గర గింజలు తింటున్న ఒక బాతును చూస్తూ ఉండిపోయాను. చాక్లెట్ రంగు తల, మెడ పక్కనుంచి చెవి దాకా పైకి పాకిన తెల్లగీత, వెనక సూదిలాంటి తోక. మన సూదితోక బాతే! పులికాట్‌లో ఇరవై ఏళ్లుగా ఫర్లాంగు దూరాన చూసినదాన్ని మూడు గజాల్లో చూశాను. ముక్కు పక్కల నీలంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. "మా ఊరి బాతు!" అని గట్టిగా అరిచాను. పిట్టల్ని చాటు నుంచి చూసే ఆ చెక్కగదిలో ఉన్న పదిమందీ తలతిప్పి చూశారు, మీ అక్కకు తల కొట్టేసినట్టయింది. అవి ఐస్‌లాండు, రష్యాల నుంచి అక్కడికి పోతే మనవి సైబీరియా నుంచి ఇటు దిగుతాయి. వాళ్ల పుస్తకాల్లో కూడా మార్చి వస్తే సర్దుకోవడమే.

ఇక లెక్క. వెయ్యి బాతుల మందను చూసి "చాలా ఉన్నాయి" అని రాయకు. ఒక పదిని లెక్కపెట్టు, ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంటికి పట్టించుకో, అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడు. ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతటా పిట్టల్ని లెక్కిస్తారు. 1998లో అమెరికాలో మొదలైంది, మన దేశంలో 2013 నుంచి చేస్తున్నారు. ఒకచోట 15 నిమిషాలు నిలబడి చూసినవన్నీ పిట్టల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కిస్తే చాలు. మీ డాబా మీద నుంచైనా సరే, కాకిని కూడా కలిపి.

దానికంటే నీకు నేను గట్టిగా చెప్పేది నోట్‌బుక్ గురించి. వచ్చిన రోజు ఎవరైనా రాస్తారు, పిట్ట కొత్తగా కళ్లబడుతుంది కాబట్టి. పోయిన రోజు ఎవరి దగ్గరా ఉండదు. ఎందుకంటే చివరిసారి చూస్తున్నప్పుడు అది చివరిసారి అని మనకు తెలియదు. నా పాత నోట్‌బుక్‌లో స్వర్ణాల చెరువు పేజీ ఒకటుంది. "మార్చి 9, సూదితోకలు నలభై దాకా, దర్గా వైపు." ఆ తర్వాత పెళ్లిళ్లు, ఊళ్లు, బద్ధకం. మళ్లీ రాసింది మార్చి 27న, "లేవు" అని. మధ్యలో పద్దెనిమిది రోజుల్లో ఎప్పుడు పోయాయో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. కాబట్టి ఇప్పటి నుంచి ఉగాది దాకా ఒకే చెరువు, ఒకే చోటు, వీలైతే రోజూ, కాకపోతే రోజు విడిచి రోజు. పది నిమిషాలు చాలు. తేదీ, టైము, గాలి ఎటు నుంచి, ఎన్ని, ఏం చేస్తున్నాయి. ఏమీ కనబడకపోతే "లేవు" అని రాసి తేదీ వెయ్యి. ఉత్త పేజీకీ, "లేవు" అని రాసిన పేజీకీ చాలా తేడా ఉంది.

శివరాత్రి తర్వాతి ఆదివారం నేలపట్టు పోదాం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అదీ పులికాటూ తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ నా నోటికి ఇంకా నెల్లూరు పిట్టలే. అప్పటికి గూడబాతు పిల్లలు తల్లంత అయ్యుంటాయి. తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపల కోసం పోట్లాడుతుంటే చూడాలి. పెద్దవి నోరు మెదపవు, గోలంతా పిల్లలదే. రైల్లో అయితే దొరవారిసత్రంలో దిగాలి. శనివారం సాయంత్రానికే ఇక్కడికి వచ్చెయ్, తెల్లారగట్ల బయలుదేరాలి. నోట్‌బుక్ తెచ్చుకో. ఎర్ర చున్నీ తెస్తే మాత్రం స్టేషన్ నుంచే వెనక్కి పంపిస్తా.

మీ మామయ్య