సింపైలో ఒకే మానింగ్ సూత్రం రకరకాలుగా ఎందుకు కనిపిస్తోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. కాలువలో నీటి వేగం లెక్కకట్టే మానింగ్ సూత్రాన్ని సింపైలో, అంటే పైథాన్‌లో బీజగణితం చేసే లైబ్రరీలో, రాశారు. నోట్‌బుక్‌లో ఒక సెల్‌లో ఆర్ (హైడ్రాలిక్ వ్యాసార్థం) మీద ఘాతం 2/3 అని చక్కగా వస్తోంది, ఇంకో సెల్‌లో అదే చోట 0.666666666666667 వస్తోంది. ఎస్ (కాలువ వాలు) ఒకచోట వర్గమూలం గుర్తు కింద, మరోచోట 0.5 ఘాతంతో కనిపిస్తోంది. సూత్రాలను అచ్చులో చక్కగా చూపించే లేటెక్ సెట్టింగ్‌లో తేడా ఉందేమోనని అక్కడ వెతుకుతున్నారు.

తేడా ముందు సూత్రంలోనే ఉంది. 2/3 అని మామూలుగా రాస్తే, సింపై దాకా వెళ్ళకముందే పైథాన్ దాన్ని భాగించేస్తుంది. సింపైకి అందేది భిన్నం కాదు, ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్య. అందిందే చూపిస్తుంది. కాబట్టి ఘాతాన్ని సింపైలో భిన్నాలు తయారుచేసే రేషనల్ అనే దానికి 2, 3 అని విడివిడిగా ఇవ్వండి, 0.5 బదులు 1, 2 ఇవ్వండి. ఇది అందం కోసం మాత్రమే కాదు. 0.5 ఘాతం ఉన్న సూత్రమూ వర్గమూలం ఉన్న సూత్రమూ సమానమా అని రెండు ఈక్వల్ గుర్తులతో అడిగితే సింపై ఫాల్స్ అంటుంది. అనుమానం వచ్చిన సూత్రాన్ని, దాని లోపలి నిర్మాణం చూపించే ఎస్‌రెప్ర్ ఫంక్షన్‌లో వేసి చూడండి, ఫ్లోట్ ఎక్కడ దూరిందో బయటపడుతుంది.

ఎన్‌సింప్లిఫై అనే సింపై ఫంక్షన్‌తో దశాంశాలన్నీ ఒకేసారి భిన్నాలు చేసేద్దామని కొందరు చెబుతారు. నేను వద్దంటాను. అమలాపురం దగ్గర సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు హైడ్రాలిక్స్ నోట్సు సింపైలోనే తయారుచేస్తాను. ఇక్కడి పిల్లలకు ఉదాహరణ వెతకక్కర్లేదు, ఊళ్ళో కాలువే చాలు. మట్టి కాలువకు ఎన్ (సూత్రంలోని గరుకుదనపు గుణకం) విలువ 0.025 తీసుకుంటాం. ఎన్‌సింప్లిఫైలో రేషనల్ ట్రూ పెడితే అది కాస్తా 1/40 అవుతుంది. పుస్తకంలో పట్టిక ముందు పెట్టుకున్న పిల్లాడికి ఈ 1/40 ఎక్కడిదో అంతుపట్టదు. ఎన్‌ని అక్షరంగానే ఉంచి, విలువ ఆఖర్న, అక్షరం బదులు అంకె పెట్టే సబ్స్‌తో వేయండి.

ఇక మిగిలింది నిజంగా టైప్‌సెట్టింగ్ సంగతి. లేటెక్ ఫంక్షన్‌లో రూట్ నొటేషన్ ఫాల్స్ చేసి, ఫోల్డ్ ఫ్రాక్ పవర్స్ ట్రూ చేస్తే ఆర్ మీద 2/3, ఎస్ మీద 1/2 రెండూ ఒకే తీరులో, ఒకే వరసలో వస్తాయి. పేర్లలో ఖాళీల బదులు అండర్‌స్కోర్లు ఉంటాయని మరిచిపోకండి. ఈ సెట్టింగ్‌లను ప్రతి సెల్‌లోనూ రాయొద్దు. చిన్న ఫంక్షన్ ఒకటి రాసి అందులో పెట్టుకుని, నోట్సులోకి వెళ్ళే ప్రతి సూత్రాన్నీ దాని ద్వారానే పంపండి. వచ్చిన లేటెక్‌ను రీప్లేస్‌తో దిద్దే పని మాత్రం పెట్టుకోకండి, సూత్రం కాస్త మారితే చాలు, ఆ దిద్దుబాటు పనిచేయదు.

క్యూ మ్యాక్స్ (గరిష్ఠ ప్రవాహం) లాంటి పేర్లూ ఇబ్బందే. కింద ఉన్న మ్యాక్స్ ఇటాలిక్‌లో పడి ఎమ్, ఏ, ఎక్స్ అనే మూడు చలరాశుల గుణకారంలా కనిపిస్తుంది. సింబల్ నేమ్స్ అనే ఆప్షన్‌లో ఆ సింబల్‌కు మ్యాథ్ఆర్ఎమ్ అనే లేటెక్ ఆదేశంతో రాసిన రూపం ఇస్తే నిటారు అక్షరాలు వస్తాయి. ఇవన్నీ చేసినా తేడా పోకపోతే ఆ సెల్‌నీ దాని ఎస్‌రెప్ర్‌నీ ఇక్కడ పెట్టండి, చూస్తాను.