లేబుల్ మీద 240, లోపల 320

ప్రశ్న: సార్, మాది కాశీబుగ్గ. శ్రీకాకుళంలో బీకాం ఆఖరి సంవత్సరం. నాన్న జీడిపప్పు ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. జీడిపిక్కలు తెచ్చిన అప్పు ఉంది, అందుకని పండగ సరుకులో 240 రకం పెద్ద పప్పుకి చవకైన 320 రకం చిన్న పప్పు కలిపి, లేబుల్ మాత్రం 240 అని వేయమన్నారు. ‘అందరూ చేసేదే’ అంటారు. నైతికత, విలువలు, వ్యాపార నీతి అని పరీక్షలో రాశాను గానీ ఇక్కడ ఏది పనికొస్తుందో తెలియట్లేదు. వ్యాపారంలోకి రావాలా, ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: తమ్ముడూ, ఆ మూడు మాటలూ మీ ఇంట్లో ఆ ప్యాకెట్ దగ్గరే ఉన్నాయి. లేబుల్ అంటించబోతే నీ చెయ్యి ఆగింది చూడు, అది నైతికత. దాన్ని నువ్వు నేర్చుకున్నది బహుశా నాన్నగారి దగ్గరే. రెండు అవసరాలు ఒకేసారి మీద పడితే దేన్ని ముందు పెడతావో అది విలువ. ఆయనకి అప్పు తీర్చడం ముందు, నీకు మాట ముందు. ఆయనకి విలువలు లేవని మాత్రం అనుకోకు. ఇక వ్యాపార నీతి అంటే, మీ ఇద్దరి మనసులూ ఎలా ఉన్నా, కొనేవాళ్ళకి మీరు బాకీ ఉన్నది.

ఆ బాకీని లెక్కే కట్టొచ్చు. 240 రకం అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 పప్పులు. 320 అంటే 300 నుంచి 320. పావుకిలోకి మొదటి రకమైతే 132 దాటకూడదు, రెండోదైతే 176 దాకా తూగుతాయి. పలాసలో ఇది తెలియని వ్యాపారి ఉండడు. పాయసంలోకి కొనుక్కునే ఆవిడకి తెలియదు. ఆవిడకి తెలియకపోవడమే ఈ పండగకి మీ అదనపు లాభం. నిజంగా అందరూ చేసేదే అయితే లేబుల్ మీద రాయడానికి జంకెందుకు?

నాన్నగారి దగ్గర ‘మోసం’ అన్న మాటతో మొదలుపెట్టకు. ఆ మాట పడితే ఆయన ఇక వినరు. కొట్టు కట్టేశాక రెండు ప్యాకెట్లు విప్పి ఆయన ముందే లెక్కపెట్టు. కలిపినదాని మీద కలిపినట్టే రాసి మధ్య రేటుకి అమ్ముదామను. కలపడంలో తప్పు లేదు, దాన్ని 240 అనడంలోనే ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల చట్టం, 2006లో 52వ సెక్షన్ తప్పుడు లేబుల్‌కి 3 లక్షల రూపాయల దాకా జరిమానా వేస్తుంది. అది ఆఖర్న చెప్పు. జరిమానాకి జడిసి మానేసినవాళ్ళు తనిఖీ లేని రోజు మళ్ళీ కలుపుతారు.

ఉద్యోగానికి వెళ్తే ఈ ఇరకాటం ఉండదనుకుంటున్నావేమో. సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అధినేత రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ 2009 జనవరి 7న రాసిన ఉత్తరం సంపాదించి చదువు. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మొదట్లో ఉన్న తేడా చిన్నదేనని, ఏళ్ళ మీద అది అదుపు తప్పిందని ఆయనే రాశారు. ఆ కేసులో 2015లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన 10 మందిలో ఆడిటర్లూ ఉన్నారు, ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. రేపు నువ్వు కూర్చోబోయే కుర్చీలు అవే.

లేబుల్ మీద ఏం రాయాలో నీ చేతికి ఇస్తానని నాన్నగారు అంటే వ్యాపారంలోకే రా. సరుకు తెలిసిన కుర్రాడివి, బీకాం చదివావు, ఆ పని నీకు బాగా నప్పుతుంది. ఒప్పుకోకపోతే రెండేళ్ళు బయట అకౌంట్స్ పని నేర్చుకో, అలిగి మాత్రం వెళ్ళకు. ఈ పండగకి పిక్కలు ఎండబెట్టు, పార్సిళ్ళు వేయించు, బాకీలు వసూలు చేసుకురా. ఆ ఒక్క లేబుల్ మాత్రం అంటించలేనని ఆయనకి నెమ్మదిగా, ఈ రోజే చెప్పు.